ఆ బ్లాక్ వేరు... ఈ బ్లాక్ వేరు!

కళ్లు తిరిగి పడిపోతే నీరసం అనుకుంటాం. నాడి నెమ్మదిస్తే వయసైపోయింది అనుకుంటాం. అసలు సంగతి మాత్రం ఓ గళ్ల కాగితం మీద రాసిపెట్టి ఉంటుంది. చదవగలిగితే నిండు ప్రాణాన్ని నిలబెట్టే ఆ గీతల కథే ఇది.

ఆమదాలవలస రైల్వేస్టేషన్. బోర్డు మీద పేరు మాత్రం ‘శ్రీకాకుళం రోడ్’. జిల్లా కేంద్రం మీదుగా రైలు మార్గం లేదు. శ్రీకాకుళం వాళ్లు రైలెక్కాలన్నా దిగాలన్నా పదీ పన్నెండు కిలోమీటర్లు ప్రయాణించి ఈ ఊరు రావాల్సిందే. పెద్దాసుపత్రి పని మీద విశాఖ వెళ్లేవాళ్లు, తిరిగొచ్చేవాళ్లు ఇక్కడ బండి కోసం ఎదురుచూస్తుంటారు. చేతిలో సంచీ. సంచీలో ఎక్స్‌రే కవరు, మందుల చీటీలు, మడతలు పడ్డ ఈసీజీ కాగితాలు.

ఆ ప్లాట్‌ఫాం మీద ఓ దృశ్యాన్ని ఊహించుకోండి. డెబ్భై ఏళ్ల పెద్దాయన, పక్కనే కొడుకు. విశాఖ బండి కోసం నిల్చున్నారు. ఉన్నట్టుండి పెద్దాయన మొహం తెల్లగా పాలిపోయింది. నిలువునా కూలిపోయాడు. కాళ్లూ చేతులూ రెండుమూడుసార్లు కొట్టుకున్నాయి. ‘ఫిట్స్... ఫిట్స్’ అని ఎవరో అరిచారు. ఇంకెవరో తాళాలగుత్తి తీసి చేతిలో పెట్టారు. మరొకరు సోడా కోసం పరిగెత్తారు. అర నిమిషం గడిచిందో లేదో, ఆయన కళ్లు తెరిచాడు. పాలిపోయిన మొహం ఒక్కసారిగా ఎర్రబడింది. ‘ఏటీ నేదురా... పొద్దున్న ఏటీ తిన్నేదు కదా, కళ్లు తిరిగినాయి’ అంటూ లేచి కూర్చున్నాడు.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఆయన చెప్పింది నమ్మి, ఇడ్లీ తినిపించి ఇంటికి తీసుకెళ్లడం ఒకటి. మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టడం రెండోది. రెండో దారి పట్టినవాళ్లకు ఆ నాడి నిమిషానికి ముప్ఫై మూడుసార్లే కొట్టుకుంటోందని తెలిస్తే? కథ అక్కడే మలుపు తిరుగుతుంది. ఎందుకంటే కళ్లు తిరగడమూ, నాడి బాగా నెమ్మదించడమూ కలిసి వచ్చాయంటే వైద్యులు ముందుగా అనుమానించే జబ్బు ఒకటుంది. దాని పేరు హార్ట్ బ్లాక్.

కాలువా... కరెంటా?

‘హార్ట్ బ్లాకా? మాకు తెలుసు. మా మావయ్యకి రెండు బ్లాకులున్నాయంటే స్టెంట్లు వేశారు’ అంటారు చాలామంది. ఆ బ్లాక్ వేరు... ఈ బ్లాక్ వేరు!

పొలానికి నీళ్లు పారాలంటే రెండు సక్రమంగా ఉండాలి. ఒకటి కాలువ, రెండోది మోటారుకు కరెంటు. కాలువలో పూడిక పేరుకుంటే నీళ్లు ఆగిపోతాయి. గుండె కండరానికి నెత్తురు తీసుకెళ్లే ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి మూసుకుపోవడం అలాంటిదే. యాంజియోగ్రామ్‌లో కనిపించేదీ, స్టెంటుతో సరిచేసేదీ ఆ బ్లాకునే. కాలువ శుభ్రంగా ఉన్నా కరెంటు తీగ తెగితే మోటారు తిరగదు కదా. గుండె లోపలి విద్యుత్ సంకేతం పై నుంచి కిందికి దిగడంలో వచ్చే అంతరాయమే వైద్యులు అసలు ‘హార్ట్ బ్లాక్’ అని పిలిచేది. దీన్ని చూపించేది యాంజియోగ్రామ్ కాదు, ఈసీజీ.

పేరు ఒకటే కావడంతో వచ్చే తికమక ఇంతా అంతా కాదు. ఈసీజీ కాగితం మీద ‘ఫస్ట్ డిగ్రీ బ్లాక్’ అని అచ్చు పడితే, గుండెపోటు వచ్చేస్తుందని ఇంటిల్లిపాదీ భయపడిపోతారు. నిజానికి అది చాలాసార్లు ఏ చికిత్సా అక్కర్లేని సంగతి. మరోపక్క యాంజియోగ్రామ్‌లో ‘బ్లాకులేమీ లేవు’ అంటే గుండె గట్టిదే అని ధీమా పడతారు. కరెంటు బ్లాక్ ఉన్నా ఆ పరీక్షలో కనిపించదు మరి!

విశాఖ నుంచి పలాసకి...

గుండెలో పైన రెండు గదులు, కింద రెండు గదులు. పైవాటిని కర్ణికలు అనీ, కిందివాటిని జఠరికలు అనీ బడిలో చదువుకున్నాం. కుడి కర్ణిక పైభాగంలో సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. సంకేతం అక్కడే పుడుతుంది. కర్ణికలంతా పాకి, మధ్యలో ఏవీ నోడ్ అనే చోట క్షణకాలం ఆగుతుంది. తర్వాత హిస్ బండిల్ అనే తీగ గుండా దిగి, కుడి ఎడమ కొమ్మలుగా చీలి, జఠరికలను కదిలిస్తుంది. జఠరికలు బిగుసుకుంటేనే ఒంటికి నెత్తురు అందేది. ఇది నిమిషానికి డెబ్భైసార్ల చొప్పున చూసుకున్నా రోజుకు లక్షసార్లు!

రైలు భాషలో చెప్పాలంటే విశాఖ సైనస్ నోడ్. పలాస జఠరికలు. మధ్యలో మన ఆమదాలవలసే ఏవీ నోడ్. విశాఖలో బయల్దేరిన ప్రతి బండీ పొందూరు, దూసి దాటి ఆమదాలవలసలో కాసేపు ఆగి, ఉర్లాం, తిలారు మీదుగా పలాస చేరాలి. ఈ ఆగడం వృథా కాదు. కర్ణికల్లోని నెత్తురు జఠరికల్లోకి పూర్తిగా దిగడానికి ఆ వ్యవధి కావాలి.

శాస్త్రవేత్తలు ఈ దారిని ముక్కలు ముక్కలుగా కనిపెట్టారు. హిస్ బండిల్‌ను 1893లో విల్‌హెల్మ్ హిస్ వివరించారు. ఏవీ నోడ్‌ను 1906లో జపాన్‌కు చెందిన సునావో తవారా కనుగొన్నారు. ఆ మరుసటి ఏడాది ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే ఇద్దరు సైనస్ నోడ్‌ను బయటపెట్టారు. ఆ సంకేతాన్ని కాగితం మీద గీయించే ఈసీజీ యంత్రాన్ని తీర్చిదిద్దిన ఘనత నెదర్లాండ్స్‌కు చెందిన విల్లెం ఐంథోవెన్‌ది. అందుకుగాను 1924లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. గీతలకు పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని పేర్లు పెట్టింది కూడా ఆయనే.

గట్టు... తాటిచెట్టు... దిబ్బ

ఈసీజీ కాగితం చూడగానే అర్థంకాని లిపిలా అనిపిస్తుంది. కానీ కాస్త నిదానంగా చూస్తే అందులో మన పల్లె కనిపిస్తుంది. ముందు పొలంగట్టులాంటి చిన్న మెట్ట. అది పీ తరంగం, కర్ణికల్లో సంకేతం పాకిన గుర్తు. కాస్త దూరంలో నిటారుగా తాటిచెట్టు. అది క్యూఆర్‌ఎస్, సంకేతం జఠరికలకు చేరిందనడానికి సాక్ష్యం. ఆ పక్కనే ఇసుకదిబ్బలాంటి టీ తరంగం. జఠరికలు తిరిగి సేదదీరుతున్నాయన్నమాట. గట్టు, చెట్టు, దిబ్బ... గట్టు, చెట్టు, దిబ్బ. ఆరోగ్యంగా ఉన్న గుండె ఈ వరుస తప్పదు.

కాగితం మీది గళ్లు ఊరికే అలంకారానికి పెట్టినవి కావు. యంత్రం మామూలుగా సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కాగితాన్ని నడిపిస్తుంది. అంటే ఒక చిన్న గడి 0.04 సెకను. ఐదు చిన్న గళ్లు కలిస్తే ఒక పెద్ద గడి, 0.2 సెకను. ఐదు పెద్ద గళ్లు ఒక సెకను. గుండె వేగం తెలియాలంటే ఒక చెట్టుకీ మరో చెట్టుకీ మధ్య ఎన్ని పెద్ద గళ్లున్నాయో చూసి, 300ను ఆ అంకెతో భాగించాలి. నాలుగు గళ్లయితే 75. పదయితే 30!

హార్ట్ బ్లాక్‌ను గుర్తించడానికి ఆ కాగితాన్ని అడగాల్సిన ప్రశ్నలు నాలుగే.

గట్లు క్రమం తప్పకుండా వస్తున్నాయా?

ప్రతి గట్టు తర్వాతా ఒక చెట్టు ఉందా?

గట్టు మొదలైన చోటి నుంచి చెట్టు మొదలయ్యే చోటికి దూరం ఎంత? అది మారుతోందా?

చెట్టు సన్నగా ఉందా, లావుగా ఉందా?

మూడో ప్రశ్నలోని దూరాన్ని పీఆర్ వ్యవధి అంటారు. మూడు నుంచి ఐదు చిన్న గళ్ల వరకూ ఉంటే మామూలే. చెట్టు మొదలు మూడు చిన్న గళ్లకన్నా వెడల్పయితే సంకేతం తిన్నని దారిలో దిగడం లేదని అర్థం. ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టే బ్లాక్ ఏ రకమో తేలుతుంది.

ఆలస్యమా... రద్దా?

మొదటి డిగ్రీ: ప్రతి గట్టు తర్వాతా చెట్టు ఉంటుంది. కాకపోతే వాటి మధ్య దూరం ఐదు చిన్న గళ్లు దాటుతుంది. ఆ దూరం అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. అంటే ప్రతి బండీ ఆమదాలవలసలో మామూలుకన్నా ఎక్కువసేపు ఆగుతోంది. కానీ ఒక్కటీ రద్దు కాలేదు. చాలామందికి దీనివల్ల ఏ బాధా ఉండదు. వాడుతున్న మందులు ఓసారి సరిచూసుకుని, అప్పుడప్పుడూ ఈసీజీ తీయించుకుంటే సరిపోతుంది.

రెండో డిగ్రీ, మొదటి రకం: దీన్ని వెంకెబాక్ అని కూడా అంటారు. మొదటి బండి కాస్త ఆలస్యం. రెండోది ఇంకాస్త. మూడోది మరీ ఆలస్యం. నాలుగోది ఏకంగా రద్దు! ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి అదే తంతు. కాగితం మీద గట్టుకీ చెట్టుకీ మధ్య దూరం పెరుగుతూ పెరుగుతూ పోయి, ఓ గట్టు చెట్టు లేకుండా ఒంటరిగా మిగిలిపోతుంది. 1899లో కారెల్ వెంకెబాక్ దీన్ని వర్ణించేనాటికి ఈసీజీ ఇంకా ఆసుపత్రుల్లోకి రానేలేదు. నాడి లయను గమనించే ఆయన దీన్ని పట్టుకోగలిగారు. క్రీడాకారుల్లో, గాఢనిద్రలో ఉన్నవారిలో కూడా ఇది కనిపించవచ్చు. ఎక్కువగా ప్రమాదం లేనిదే.

రెండో డిగ్రీ, రెండో రకం: ఇదే మాయదారిది. బండ్లన్నీ సరిగ్గా సమయానికే వస్తుంటాయి. హఠాత్తుగా ఒకటి రాదు! ముందు ఏ హెచ్చరికా ఉండదు. కాగితం మీద గట్టుకీ చెట్టుకీ మధ్య దూరం ఒక్కలాగే ఉంటూ, ఉన్నట్టుండి ఓ చెట్టు మాయమవుతుంది. 1924లో వోల్డెమార్ మోబిట్జ్ ఈ రెండు రకాలనూ విడదీసి చూపించారు. అందుకే వీటిని మోబిట్జ్ ఒకటి, మోబిట్జ్ రెండు అంటారు. రెండో రకంలో లోపం సాధారణంగా ఏవీ నోడ్‌లో కాక, ఇంకా కిందనున్న తీగల్లో ఉంటుంది. ఇది ఏ క్షణానైనా పూర్తి బ్లాక్‌గా మారొచ్చు. కాబట్టి మనిషి బాగానే ఉన్నానంటున్నా మామూలుగా పేస్‌మేకర్ అమర్చాలనే వైద్యులు సలహా ఇస్తారు.

మూడో డిగ్రీ: పూర్తి బ్లాక్. ఆమదాలవలస దాటి ఒక్క బండీ వెళ్లడం లేదు. విశాఖ నుంచి వచ్చే బండ్లు వాటి సమయానికి వస్తూనే ఉన్నాయి. అవతల పలాస వాళ్లు చూసి చూసి, ఎలాగోలా నెట్టుకురావడానికి ఓ నత్తనడక పాసింజరును సొంతంగా నడుపుకుంటున్నారు. రెండు వైపులా రెండు టైంటేబుళ్లు. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు! కాగితం మీద నాలుగేసి పెద్ద గళ్లకు ఒకటి చొప్పున గట్లు వరుసగా ఉంటాయి. చెట్లు మాత్రం తొమ్మిదేసి గళ్లకు ఒకటి. అంటే పై గదులు 75సార్లు కొట్టుకుంటుంటే, కింది గదులు 33సార్లే. చెట్లు సన్నగా ఉంటే సంకేతం కాస్త పైనుంచే పుడుతోందనీ, నిమిషానికి 40 నుంచి 60 దాకా కొట్టుకుంటుందనీ లెక్క. లావుగా ఉంటే అడుగు నుంచి పుడుతోందన్నమాట. వేగం 20 నుంచి 40 మధ్యే. ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. ఆగిన ఆ కొన్ని సెకన్లలోనే మనిషి కూలిపోతాడు. మెదడుకు నెత్తురు అందక కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. చూసేవాళ్లకు అది ఫిట్స్‌లా కనిపిస్తుంది. ప్లాట్‌ఫాం మీద పెద్దాయనకు జరిగింది ఇదే కావచ్చు.

ఇవికాక ‘రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్’, ‘లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్’ అని కాగితం మీద రాసి ఉండటం చూస్తుంటాం. అక్కడ సంకేతం ఆగిపోలేదు. రెండు కొమ్మల్లో ఒకటి పనిచేయక చుట్టుదారిన వెళ్తోంది, అంతే. చెట్టు లావుగా కనిపించడానికి కారణం అదే. కుడి కొమ్మ బ్లాక్ ఆరోగ్యవంతుల్లోనూ ఉండొచ్చు. ఎడమ కొమ్మది కొత్తగా కనిపిస్తే మాత్రం గుండెలో ఇంకేదైనా లోపముందేమో పరీక్షించాలి.

కాగితం అంచూ... పెన్సిలూ

ఇంత సులువైతే ఇక తప్పు ఎందుకు జరుగుతుంది? గట్లు దాక్కుంటాయి కాబట్టి! పూర్తి బ్లాక్‌లో కొన్ని గట్లు తాటిచెట్టు మొదట్లోనో, ఇసుకదిబ్బ వెనకో కలిసిపోతాయి. హడావుడిగా చూసేవాళ్లకు ‘నాడి నెమ్మదిగా ఉంది, అంతే’ అనిపిస్తుంది. దీనికి వైద్య విద్యార్థులకు తరతరాలుగా నేర్పే చిట్కా ఒకటుంది. ఓ తెల్లకాగితం అంచును ఈసీజీ మీద పెట్టాలి. స్పష్టంగా కనిపిస్తున్న రెండు గట్ల దగ్గర పెన్సిల్‌తో గుర్తులు పెట్టాలి. ఆ కాగితాన్ని పక్కకు జరుపుకుంటూ వెళ్తే మూడో గట్టు ఎక్కడ ఉండాలో తెలిసిపోతుంది. అక్కడ దిబ్బ కాస్త వంకరగా ఉందంటే గట్టు దాని వెనకే నక్కిందన్నమాట. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. కావాల్సింది ఓ పెన్సిలూ, రెండు నిమిషాల ఓపికా.

తికమకపెట్టేవి ఇంకా ఉన్నాయి. ఒక్కోసారి కర్ణికలో ఓ సంకేతం సమయానికి ముందే పుట్టి, ఏవీ నోడ్ ఇంకా సిద్ధంగా లేక ఆగిపోతుంది. చెట్టు లేని గట్టు కనిపిస్తుంది గానీ అది బ్లాక్ కాదు. గట్టు ముందే వచ్చిందా, సమయానికే వచ్చిందా అన్నది కొలిస్తే తేడా తెలుస్తుంది. ఇక, రెండు గట్లకు ఒక చెట్టు చొప్పున ఉంటే మోబిట్జ్ ఒకటో, రెండో చిన్న ముక్కను చూసి చెప్పలేరు. మరికాస్త పొడవాటి కాగితం తీయాల్సిందే. యంత్రం పైన అచ్చువేసే ఇంగ్లిష్ వాక్యాలనూ గుడ్డిగా నమ్మకూడదు. గట్లను గుర్తించడంలో యంత్రాలూ పొరబడతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఈసీజీ తీసే ఆ పది సెకన్లలో గుండె బుద్ధిగా కొట్టుకోవచ్చు. బ్లాక్ వచ్చిపోయేదైతే కాగితం మామూలుగానే ఉంటుంది. అలాంటప్పుడు ‘ఏమీ లేదు’ అని ఇంటికి పంపేయకుండా, 24 గంటలో అంతకన్నా ఎక్కువసేపో గుండె లయను నమోదుచేసే హోల్టర్ పరికరం పెడతారు.

మందుల పెట్టె నుంచి కొబ్బరితోట దాకా

బ్లాక్ ఎందుకొస్తుంది? ఎక్కువగా వయసు వల్ల. తీగల్లో నారలాంటి పదార్థం పేరుకుని సంకేతం మందగిస్తుంది. కొన్నిసార్లు గుండెపోటు వల్ల. గుండె అడుగుభాగానికి నెత్తురు తీసుకెళ్లే ధమనే ఎక్కువమందిలో ఏవీ నోడ్‌నూ పోషిస్తుంది. అది మూసుకుపోతే కాలువా, కరెంటూ రెండూ ఒకేసారి దెబ్బతింటాయి! ఇలా వచ్చిన బ్లాక్ చాలావరకు కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. గుండె ముందుభాగంలో పోటు వచ్చి బ్లాక్ వస్తే మాత్రం ప్రమాదం ఎక్కువ.

మందుల పెట్టెనూ ఓసారి చూడాలి. రక్తపోటుకు వాడే అటెనొలాల్, మెటొప్రొలాల్, డిల్టియాజెమ్, గుండె జబ్బుకు వాడే డిగాక్సిన్ వంటివి ఏవీ నోడ్‌ను నెమ్మదింపజేస్తాయి. గ్లకోమాకు కంట్లో వేసుకునే టైమొలాల్ చుక్కలూ అంతే. కంటి మందు గుండెకేం చేస్తుందిలే అనుకుని వైద్యుడికి చెప్పడం మరిచిపోతుంటారు. అలాగని సొంతంగా ఏ మందూ ఆపకూడదు. జాబితా చూపించి అడగాలి.

పల్లెల్లో దొరికే విషం మరొకటి పచ్చగన్నేరు. దాని పప్పులో డిగాక్సిన్ లాంటి పదార్థాలే ఉంటాయి. పిల్లలు తెలియక నమిలినా, ఎవరైనా క్షణికావేశంలో మింగినా, పైకి బాగానే కనిపిస్తున్నారని ఇంట్లో ఉంచకూడదు. గంటలు గడిచాక కూడా బ్లాక్ రావచ్చు. వెంటనే ఆసుపత్రిలో చేర్చి, మానిటర్ మీద గుండె లయను గమనిస్తూ ఉండాల్సిందే.

శ్రీకాకుళం జిల్లాకు సంబంధించి ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది ఇంకొకటుంది. పలాస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాలను ఉద్దానం అంటారు. అక్కడి మూత్రపిండాల జబ్బు గురించి తెలియనివారు లేరు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మూత్రపిండాలు పనిచేయకపోతే నెత్తురులో పొటాషియం పేరుకుపోతుంది. దాని గుర్తులు ముందుగా కనిపించే చోట్లలో ఈసీజీ ఒకటి. ఇసుకదిబ్బ గుడి గోపురంలా మొనదేలుతుంది. గట్లు అణిగి మాయమవుతాయి. చెట్టు లావెక్కుతుంది. నాడి పడిపోతుంది. ఇక్కడ ముందు కావాల్సింది శాశ్వత పేస్‌మేకర్ కాదు. కాల్షియం ఇంజెక్షను, పొటాషియం తగ్గించే మందులు, డయాలసిస్.

ఉద్దానం అంటేనే కొబ్బరితోటలు. నీరసంగా ఉందంటే బోండాం కొట్టి ఇవ్వడం అక్కడి ఆప్యాయత. కానీ కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ చేయించుకుంటున్న మనిషి నీరసించి, నాడి నెమ్మదిస్తే ఆ ప్రేమే ముప్పు తెస్తుంది. అప్పుడు చేతికివ్వాల్సింది బోండాం కాదు, ఆసుపత్రికి ఆటో.

బూటు పాలిష్ డబ్బాలో ప్రాణం

నెమ్మదించిన నాడికీ, హఠాత్తుగా స్పృహ తప్పడానికీ సంబంధం ఉందని ఐర్లండ్‌లోని డబ్లిన్ వైద్యులు రాబర్ట్ ఆడమ్స్ 1827లో, విలియం స్టోక్స్ 1846లో రాశారు. అందుకే ఇలా పడిపోవడాన్ని ఇప్పటికీ ‘స్టోక్స్-ఆడమ్స్’ అంటారు. జబ్బు తెలిసింది గానీ వందేళ్లకు పైగా మందు దొరకలేదు.

1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆ పరిస్థితి మారింది. ఆర్నే లార్సన్ అనే రోగికి పూర్తి బ్లాక్. రోజుకు ఇరవై ముప్ఫైసార్లు స్పృహ తప్పేవాడు. ఆయన భార్య ఎల్స్ మారీ పట్టువదలకుండా సర్జన్ ఓకే సెన్నింగ్, ఇంజినీరు రూనే ఎల్మ్‌క్విస్ట్‌ల వెంటపడింది. వాళ్లు చిన్న విద్యుత్ పరికరం తయారుచేసి లార్సన్ ఒంట్లో అమర్చారు. దాన్ని పోతపోయడానికి వాడిన అచ్చు ఏమిటో తెలుసా? బూటు పాలిష్ డబ్బా! ఆ మొదటి పరికరం కొన్ని గంటలే పనిచేసింది. కానీ లార్సన్ మొత్తం 26 పేస్‌మేకర్లు మార్చుకుంటూ 86 ఏళ్లు బతికాడు. 2001లో ఆయన కన్నుమూసింది గుండెజబ్బుతో కాదు, క్యాన్సర్‌తో.

ఇప్పటి పేస్‌మేకర్ అగ్గిపెట్టెకన్నా చిన్నది. ఎముక కింద, చర్మం లోపల చిన్న సంచిలా చేసి అమరుస్తారు. సన్నని తీగ నరం గుండా గుండె లోపలికి వెళ్తుంది. ఆ భాగం వరకే మత్తు ఇస్తే సరిపోతుంది. బ్యాటరీ పరికరాన్ని బట్టి సుమారు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు వస్తుంది. అత్యవసరంగా వచ్చిన రోగికైతే ముందు అట్రోపిన్ ఇంజెక్షను ఇచ్చో, తాత్కాలిక పేస్‌మేకర్ పెట్టో ప్రాణం నిలబెడతారు.

ఖర్చు సంగతి? ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న తొలివిడతగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఈ పథకంలో పేస్‌మేకర్ అమర్చే చికిత్స కూడా ఉంది. మరోవైపు, గుండెపోటు రోగుల కోసం 2023లో రాష్ట్రంలో మొదలైన స్టెమీ కార్యక్రమం చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రి నిపుణుల కంటి ముందుకు తీసుకెళ్లే దారి వేసింది. కాగితం రైలెక్కాల్సిన పని లేదు. దాని ఫొటో క్షణాల్లో విశాఖ చేరుతుంది. కానీ ఆ కాగితాన్ని ముందు ఎవరో ఒకరు తీయించాలి కదా!

ఇంట్లో ఎవరైనా పడిపోతే...

* పడుకోబెట్టండి. దుస్తులు వదులు చేయండి. స్పృహ లేనప్పుడు నోట్లో సోడా, నీళ్లు పోయకండి.

* పిలిస్తే పలక్కుండా, ఊపిరి సరిగా లేకపోతే 108కి ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120సార్ల చొప్పున గట్టిగా నొక్కుతూ ఉండండి.

* మణికట్టు మీద బొటనవేలి వైపు మూడు వేళ్లు పెట్టి నాడిని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. యాభైకి తక్కువ ఉండి, కళ్లు తిరగడం, ఆయాసం, ఛాతీనొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రోజూ బాగా వ్యాయామం చేసేవారికి ఏ బాధా లేకుండా నాడి నెమ్మదిగా ఉండటం మామూలే.

* ఈసీజీ తీయించినప్పుడు ‘పొడవాటి లీడ్ టూ’ కూడా తీయమని అడగండి. లయను చదవడానికి అది బాగా పనికొస్తుంది.

* పాత ఈసీజీలు పారేయకండి. ఇప్పుడు కనిపించే మార్పు కొత్తదా పాతదా అన్నది వాటితోనే తేలుతుంది. యంత్రం నుంచి వచ్చే కాగితం చాలావరకు వేడికి మాసిపోయే రకం. లామినేషన్ చేయిస్తే నల్లబడిపోతుంది. జిరాక్స్ తీయించి, ఫొటో తీసి ఉంచుకోండి.

* పేస్‌మేకర్ ఉన్నవారు గుర్తింపు కార్డు జేబులో ఉంచుకోవాలి. సెల్‌ఫోన్‌ను రెండోవైపు చెవి దగ్గర పెట్టుకోవాలి. టీవీ, మిక్సీలతో భయం లేదు. ఇండక్షన్ పొయ్యికి మాత్రం రెండడుగుల దూరం పాటించాలి. వెల్డింగ్ పనికి వైద్యుడి అనుమతి తప్పనిసరి.

* పేస్‌మేకర్ ఉన్న మనిషి కాలం చేస్తే, దహనానికి ముందు ఆ పరికరాన్ని తీయించాలి. మంటల్లో దాని బ్యాటరీ పేలుతుంది.

మళ్లీ ఆ ప్లాట్‌ఫాం దగ్గరికే వద్దాం. అదే పెద్దాయన, అదే కొడుకు. ఆ రోజు ఇంటికి వెళ్లకుండా ఆసుపత్రికి వెళ్లారనుకోండి. ఈసీజీ తీశారు. కాగితం అంచున పెన్సిల్ గుర్తులు పెట్టి చదివినవారు గట్టుకూ చెట్టుకూ పొంతన లేదని పట్టుకున్నారు. వారం తిరక్కుండా ఆయన ఛాతీలో చిన్న పెట్టె చేరింది. కొన్నాళ్లకు అదే బండి కోసం ఆయన మళ్లీ నిల్చున్నాడు. ఈసారి పరీక్షకు కాదు, మనవరాలి పెళ్లికి!

ఇదంతా ఊహే. కానీ నిజం కావడానికి పెద్ద కష్టమేమీ లేదు. కూలిపోయిన మనిషి చేతిలో తాళాలగుత్తి పెట్టడం మానేసి, అదే మణికట్టు మీద మూడు వేళ్లు పెడితే చాలు. మిగతా కథ ఆ గళ్ల కాగితం చెబుతుంది.